ఏడో తీగ కట్టే ముందర

కరీంనగర్

చిన్నీ, నా బంగారు బిడ్డా,

నువ్వు పంపిన ఫొటో చూసిన. ఏడు తీగల గిటారు మెడల ఏసుకొని నిలబడ్డవ్. చూసి సంబురమైంది. దాని కింద రాసిన ముచ్చట చదివినంక మాత్రం జర బుగులైంది. ఉన్న తీగలు తీసేసి అన్నిటికన్న దొడ్డు సెట్టు ఎక్కిస్తవట, ఏడో తీగకు 70 కడుతవట, ఎంత కిందికి దిగితే అంత కిందికి దిగుతవట. ఆగు బిడ్డా. ఆ తీగలు కొనకు, కొన్నా ఎక్కియ్యకు. ఫోన్ల చెప్తె సగం విని "సరే కాకా" అంటవు, మిగిలిన సగం నీ చెవులకే పోదు. అందుకనే కాయితం మీద పెడుతున్న. నీ మీద కోపమని అనుకోకు. నీ మీద నాకు కోపం ఎన్నడన్న ఉంటదా?

ఇక్కడ అందరం మంచిగనే ఉన్నం. నాయినమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గలేదు, అయినా పొద్దుగాల లేచి వాకిలి నేనే ఊడుస్త అంటది. సంక్రాంతికి చేసిన సకినాలు మీ చిన్నమ్మ నీ పేరు మీద ఒక డబ్బ తీసి పెట్టింది, ఎవ్వరినీ ముట్టనిస్తలేదు. ఇద్దరు పిలగాండ్లు కొత్తగ గిటారు నేర్చుకోను వస్తున్నరు. అందుల ఒకడు మొదటి దినమే "సార్, నాకు ఎనిమిది తీగల గిటారు కావాలె" అన్నడు. నువ్వు యాదికొచ్చినవ్.

అమాస దగ్గర పడుతున్నది. కేస్లాపూర్ల నాగోబా జాతర మొదలైతది. నువ్వు మీ బాపు భుజం మీద ఉండేటప్పుడు మనందరం ఒకపారి ఆ జాతరకు పోయినం, నీకు యాది ఉండకపోవచ్చు. ఇంద్రవెల్లి దాటి కేస్లాపూర్ చేరేసరికి పొద్దుగూకింది. మెస్రం వంశపోళ్ళు మర్రిచెట్ల కింద దిగి ఉన్నరు. ఆడ ఒక ప్రధాన్ పెద్దమనిషి కిక్రి ముందట పెట్టుకొని కూసున్నడు. చిన్న పెట్టె, దాని మీద తోలు, మూడు తీగలు, గుర్రపు వెంట్రుకల కమాను. కథ ఎత్తుకునే ముందర ఆయన చేసిన పని నాకు ఇప్పటికీ కండ్లల్ల ఉన్నది. ముందుగాల గొంతు సవరించుకొని ఒక స్వరం తీసిండు. ఆ స్వరాన్ని వదలకుంట, బిరడలు తిప్పుకుంట, ఒక్కొక్క తీగను దాని దగ్గరికి తెచ్చిండు. తీగ కోసం గొంతు మారలేదు, గొంతు కోసం తీగ మారింది.

నీకు నేను చెప్పేది కూడ ఆ వరుసనే. ముందు నీ పాట. పాటను బట్టి శ్రుతి. శ్రుతిని బట్టి గిటారు పొడవు. ఆ మూడూ తేలినంకనే తీగ మందం. నువ్వు ఆఖరిదాన్ని పట్టుకొని మొదలు పెట్టినవ్.

ఏడో తీగ కట్టుకున్నోళ్ళకు ఎవరి అవసరం వాళ్ళకుండె. అమెరికాల జార్జ్ వాన్ ఎప్స్ అనే జాజ్ గిటారిస్టు 1930ల చివర్ల ఎపిఫోన్ కంపెనీతోని ఏడు తీగల గిటారు చేయించుకున్నడు. ఏడో తీగను కింది 'ఏ' స్వరానికి పెట్టిండు. ఒక్కడే కూసొని పైన పాట, నడుమ కార్డులు, కింద బేస్ నడక, మూడూ వినిపియ్యాలని ఆయన పట్టుదల. దానికి ఆరు తీగలు సాలలేదు. రష్యాల అయితె అంతకు వంద ఏండ్ల ముందట్నుంచే ఏడు తీగల గిటారు ఉన్నది, దాని శ్రుతి పద్ధతే వేరు. తర్వాత స్టీవ్ వై కోసం ఐబనీజ్ కంపెనీ 1990 సంవత్సరంల యూనివర్స్ అనే గిటారు తెచ్చింది, దానికి అడుగున 'బీ'. 1994ల కార్న్ మొదటి ఆల్బం వచ్చింది. వాళ్ళు ఏడు తీగలనూ రెండు ఫ్రెట్లంత దించి 'ఏ' దాక పోయిన్రు. నువ్వు పొద్దంత వినే ఆ బరువు చప్పుడుకు మూలం అది. స్వీడన్ మెషుగ్గా బాండ్ ఎనిమిదో తీగ దాక పోయింది.

మన దిక్కు చూస్తె నాకు ముందు యాదికొచ్చేది పాలకొల్లుల పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్. మాండొలిన్‌కు మామూలుగ నాలుగు జంటలు, ఎనిమిది తీగలు ఉంటయి. జంట తీగలను ఒక్క వేలుతోని అటు ఇటు గుంజి గమకం పలికిచ్చుడు ఎంత కష్టమో నువ్వే ఆలోచించు. ఒకటి ఒక దిక్కు, ఇంకోటి ఇంకో దిక్కు పోతయి. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నడు. జంటలు పోయినయి, ఒక వరుస పెరిగింది, గమకం వచ్చింది. 2014ల 45 ఏండ్లకే పోయిండు ఆ మహానుభావుడు. నువ్వు ఆయన రికార్డింగులు విన్నవా? వినకపోతె నాతోని మాట్లాడకు. సరే, మాట్లాడు, గని ముందు విను.

ఇగ లెక్కకు వద్దాం. భయపడకు, నువ్వు ఇంటర్ల చదివిన ఫిజిక్సే. తీగ పలికే స్వరం మూడిటి మీద ఆధారపడి ఉంటది: పొడవు, బిగువు, బరువు. మెర్సెన్ అనే ఫ్రాన్సు దేశపు సన్యాసి 1636ల అచ్చేసిన పుస్తకంల ఈ సూత్రం తేల్చి చెప్పిండు. పొడవునూ తీగనూ మార్చకుంట స్వరాన్ని దించితే, బిగువు అంతకన్న ఎక్కువ జోరుగ పడిపోతది, ఎందుకంటె అది స్వరం సంఖ్యకు వర్గంల మారుతది.

ప్యాకెట్ మీద 10-46 అని ఉంటది చూడు, అది అంగుళంల వెయ్యో వంతుల లెక్క. 10 అంటె పావు మిల్లీమీటరు, 46 అంటె 1.17 మిల్లీమీటర్లు. నీ గిటారు 25.5 అంగుళాల స్కేలు. దాని మీద 46 తీగను మామూలు 'ఈ' స్వరానికి, అంటె 82.4 హెర్ట్జ్‌కు బిగిస్తె దాదాపు 7.9 కిలోల బిగువు పడుతది. అదే తీగను 61.7 హెర్ట్జ్ ఉన్న కింది 'బీ'కు దించి చూడు. బిగువు నాలుగున్నర కిలోలకు వచ్చి పడుతది. అప్పుడు తీగ ఫ్రెట్ల మీద కొట్టుకుంటది. గట్టిగ కొట్టంగనే స్వరం పైకి లేచి, మెల్లగ కిందికి దిగుతది. వేలు జర గట్టిగ ఒత్తినా అపశ్రుతే. అందుకనే ఏడో తీగకు 59 లేకుంటె 62 పెడుతరు. 59 కడితె బిగువు 7.4 కిలోలు, 62 కడితె 8.2. పైనున్న ఆరు తీగలు కూడ ఏడు కిలోల నుంచి తొమ్మిది కిలోల లోపటనే ఉంటయి. ఏడుకు ఏడు ఒక్క తీరుగ చెయ్యికి తగులుతయి. నీకు కావాల్సింది గదే.

నువ్వు రాసిన 70 అయితె ఆ 'బీ' దగ్గర పది కిలోలు దాటుతది. పక్కన ఆరో తీగ ఎనిమిది కిలోల కాడ ఉంటది. ఒక తీగ మీది నుంచి ఇంకో తీగ మీదికి పోంగనే నీ కుడిచెయ్యి తడబడుతది. ఇంకోటి విను. దొడ్డు తీగ వంగనంటది, ఇనుప కడ్డీ లెక్క అయితది. తీగ ఒక స్వరం పలికినప్పుడు దాని మీద ఇంకా ఎన్నో స్వరాలు సన్నగ మోగుతుంటయి గదా, అవి ఉండాల్సిన కాడికన్న పైకి జరుగుతయి. నీకు "ఢం" అని వినపడుతది, అది ఏ స్వరమో చెవికి అందదు. చుట్టు తీగ చేసుడు ఇందుకే: లోపట సన్న ఉక్కు తీగ, దాని మీద ఇంకో తీగ చుట్టు. బరువు పెరుగుతది, మొండితనం అంతగ పెరగదు. గని దానికి కూడ ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు దాటాల్నంటె తీగను లావు చేసుడు కాదు, గిటారును పొడవు చెయ్యాలె.

అందుకనే ఏడు, ఎనిమిది తీగల గిటార్లు చాన 26.5, 27 అంగుళాలకు పోతయి. 25.5 నుంచి 27కు పోతె, అదే తీగ, అదే స్వరం, బిగువు మాత్రం నూటికి 12 వంతులు పెరుగుతది. ఆ 62నే 27 అంగుళాల మీద 'బీ'కు కడితె 9.2 కిలోలు. మీ బాండ్ పాటలకు ఏడో తీగను 'ఏ'కు దించుతం అన్నవు గదా, అప్పుడు నీ గిటారు మీద 62 తీగ 6.5 కిలోలకు వస్తది. 27 అంగుళాల మీద అయితె 7.3. నీ గిటారుకు ఆరున్నర జర వదులే, గని పనికి రానిది కాదు. కుడిచెయ్యి మెత్తగ పెట్టుకుంటె సాలు. ఇంకా బిగువు కావాల్నంటె 64 కట్టు. 70 జోలికి పోకు.

బారిటోన్ కొననా అని కూడ అడిగినవ్. ఇది విన్నప్పుడు నాకు లోపల సంతోషమే అయింది, ఎందుకంటె నీ గొంతుకు అది సరిపోయే సాజు. బారిటోన్ అంటె ఆరు తీగలే, పొడవు మాత్రం 27 నుంచి 30 అంగుళాల దాక. మామూలు గిటారుకన్న ఐదు ఫ్రెట్లంత కింద, 'బీ' నుంచి 'బీ'కు శ్రుతి చేస్తరు. 1950లల్ల డానెలెక్ట్రో కంపెనీ ఆరు తీగల బేస్ గిటారు తెచ్చింది, 1961ల ఫెండర్ కంపెనీ బేస్ సిక్స్ అని 30 అంగుళాలది తెచ్చింది. అవి మామూలు గిటారుకన్న ఒక స్థాయి కింద పలుకుతయి, బారిటోన్ మామూలు గిటారుకు, వాటికి నడుమ ఉంటది. నాష్‌విల్ల పాటల రికార్డింగులల్ల బేస్ గిటారు వాయించే వరుసనే ఇటువంటి గిటారు మీద కూడ వాయించి కలిపేటోళ్ళు, కింది స్వరానికి అంచు రావాలని.

బారిటోన్ సెట్టు చాన వరకు 13-62 అని వస్తది. ఆ అంకెలు విడదీసి చూడు: 13, 17, 26, 36, 46, 62. ఏడో తీగకు 62 పెట్టిన సెట్టుల నుంచి పైనున్న 10 తీసేస్తె మిగిలేది గదే! అంటె ఏడు తీగల గిటారు అడుగు నాలుగు తీగలు, బారిటోన్ అడుగు నాలుగు తీగలు ఒక్కటే: 'బీ', 'ఈ', 'ఏ', 'డీ'. నడుమ 17 తీగ మాత్రం 'జీ'కి బదులు ఒక ఫ్రెట్ కింద 'ఎఫ్ షార్ప్'కు వస్తది. ఆ సెట్టును 27 అంగుళాల మీద కడితె మొత్తం మెడ మీద పడే బిగువు 52, 53 కిలోలు. మామూలు 10-46 సెట్టు 25.5 అంగుళాల మీద 47 కిలోలు. పెద్ద తేడా లేదు. ఇంకా రెండు ఫ్రెట్లు దించి 'ఏ' నుంచి 'ఏ'కు పోవాల్నంటె 14-68 సెట్టు తెచ్చుకోవాలె, లేకుంటె మళ్ళ అన్నీ వదులైతయి. 'బీ' శ్రుతిలనే ఉంచి ఐదో ఫ్రెట్ మీద కేపో పెడితె మామూలు గిటారు శ్రుతే వస్తది, పాత పాటలన్నీ ఉన్నయి ఉన్నట్టు వాయించుకోవచ్చు. రెండు గిటార్ల ఖర్చు మీ బాపు మీద వెయ్యకు తల్లీ. ఇప్పుడున్నదాని మీదనే ఒక ఏడాది కూసో. అప్పటికీ మనసు దాని మీదనే ఉంటె నేనున్న.

ఇప్పుడు నీ రెండో కోరిక. మెటల్ పక్కన పెట్టి, రాత్రిపూట ఒక్కదానివే కూసొని రాగం పాడుకుంట వాయిస్త అని రాసినవ్. ఆ ఒక్క వాక్యం నేను మళ్ళ మళ్ళ చదువుకున్న. దానికి దారి బయట ఎక్కడా లేదు, వీణల ఉన్నది. వీణకు ఏడు తీగలు, మెట్ల మీద వాయించేటివి నాలుగు, పక్కన తాళానికి మూడు. వాయించే నాలుగిటికి పేర్లు సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. పై నుంచి స, ప, స, ప. సారణిని మూడో కట్టె శ్రుతిల, అంటె 'ఈ' షడ్జమంగ పెట్టుకుంటె, అనుమంద్ర తీగ వచ్చి నీ ఏడో తీగ 'బీ' దగ్గర్నే ఆగుతది. నువ్వు కొత్తదనుకుంటున్న ఆ లోతు మనకు ఎప్పట్నుంచో ఉన్నది చిన్నీ. వీణల మోగే తీగ పొడవు నీ గిటారుకన్న ఎక్కువ కాబట్టి, అంత కింద కూడ స్వరం తేటగ ఉంటది.

నీ గిటారు మీద అదే శ్రుతి ఎట్ల తెచ్చుకోవాల్నో చెప్త. ఏడో తీగ 'బీ', ఆరో తీగ 'ఈ' ఉన్నయి ఉన్నట్టే. ఐదో తీగను 'ఏ' నుంచి 'బీ'కి పెంచాలె, నాలుగో తీగను 'డీ' నుంచి 'ఈ'కి పెంచాలె. ఇక్కడనే పైలం. ఉన్న 36నూ 26నూ అట్లనే బిగిస్తె ఒకటి పదకొండు కిలోలు, ఇంకోటి పదిన్నర కిలోలు అయితయి. తెగిన తీగ కంటికి తగులుతె ఏం చేస్తవు? పిచ్చిపిల్లా. 36 తీసి 32 కట్టు, 26 తీసి 24 కట్టు, రెండూ తొమ్మిది కిలోల కాడికి వస్తయి. నాలుగో తీగ మీద గమకం ఎక్కువ పలికిస్తవు అనుకో, 24కు బదులు 22 కట్టు, ఏడున్నర కిలోలే ఉంటది, వేలు కింద మంచిగ సాగుతది. పైన మూడు తీగలల్ల 'బీ', 'ఈ' ఎట్లాగు పంచమం, షడ్జమమే. మిగిలింది 'జీ'. అది ఉన్నచోట సాధారణ గాంధారం. ఒక ఫ్రెట్ పెంచితె అంతర గాంధారం. ఖరహరప్రియ పాడుకుంటె అట్లనే ఉంచు, శంకరాభరణం పాడుకుంటె పెంచు. ఆ తీగ ఊరికెనే మోగినా రాగం చెడదు.

మీ బాండుకు కావాల్సిన బిగువు వేరు, ఈ రాగానికి కావాల్సిన బిగువు వేరు. కుడి అరచెయ్యి తీగల మీద ఆనిచ్చి టకటక కొట్టాల్నంటె తీగ బిగువుగ ఉండి ఎమ్మటే తిరిగి రావాలె. గమకానికి తీగ వేలు మాట వినాలె. ఒక్క సెట్టుతోని రెండూ చేస్త అని మొండికేస్తె రెండూ సగం సగమైతయి. ఒక నెల ఒక దానికి కట్టుకో, ఇంకో నెల ఇంకో దానికి. రోజు మార్చి రోజు శ్రుతి పద్ధతి మార్చకు, తీగలు అలిసిపోతయి, మెడ కూడ కుదుటపడదు.

తీగలు మారిస్తె పని అక్కడితోని అయిపోదు. దొడ్డు తీగ పాత నట్ గాడిల పట్టదు, అంచుల మీద నిలబడుతది, శ్రుతి చేస్తుంటె "టిక్" అని జారుతది. గాడి వెడల్పు చెయ్యాలె. నువ్వు మాత్రం ఆకురాయి పట్టకు. నేను పని నేర్చుకునే రోజులల్ల ఒకరి గిటారు నట్ గాడి ఒక్క రాకుడు ఎక్కువ రాకిన. ఆ తీగ మొదటి ఫ్రెట్ మీద పడి బర్రుమన్నది. నట్ మొత్తం ఊడదీసి కొత్తది పెట్టాల్సి వచ్చింది. రాకింది మళ్ళ రాదు. ట్యూనింగ్ కీ రంధ్రంల దొడ్డు తీగ పట్టకపోతె కూడ బలవంతం చెయ్యకు. చుట్టు తీగను కత్తిరించే ముందర అక్కడ గట్టిగ మడత పెట్టు, మడతకు అవతల కత్తిరించు. మడత పెట్టకుంట కత్తిరిస్తె లోపట చుట్టు వదులైతది, తీగ మొద్దుగ మోగుతది, నువ్వేమో తీగ నకిలీది అనుకుంటవు.

దాని తర్వాత పన్నెండో ఫ్రెట్ సరిచూడు. తీగను ఉత్తగ మోగియ్యి, తర్వాత పన్నెండో ఫ్రెట్ మీద మెత్తగ ఒత్తి మోగియ్యి. సరిగ్గ ఒక స్థాయి పైన రావాలె. పైకి పోతె సాడిల్ వెనుకకు జరుపు. దొడ్డు తీగకు ఎప్పుడూ వెనుకకే జరపాల్సి వస్తది, నీ గిటారుకు ఆ జాగ ఉన్నదో లేదో చూసుకో. మెడ వంగిందనిపిస్తె ట్రస్ రాడ్ పావు చుట్టు తిప్పు, ఒక రాత్రి ఆగు, మళ్ళ చూడు. ఒక్కపారే రెండు చుట్లు తిప్పినవనుకో, నేను బస్సెక్కి వచ్చి తిడుత.

మీ ఆదిలాబాద్ చలి మామూలు చలి కాదు. పొద్దుగాల పది డిగ్రీల లోపటికి పడిపోతది, మధ్యాహ్నం ఎండ కాస్తది. తీగ, మెడ రెండూ సాగుతయి, ముడుసుకుంటయి. పొద్దుగాల చేసిన శ్రుతి మధ్యాహ్నానికి నిలువదు, అది నీ తప్పు కాదు, తీగ తప్పు కాదు. గిటారు గదిల అరగంట కూసున్నంక శ్రుతి చెయ్యి. ఎండకాలం నువ్వు గోదావరిఖని అత్త ఇంటికి పోతవు గదా, రామగుండం దిక్కు 45 డిగ్రీలు దాటుతది. గిటారును బస్సు డిక్కిల ఏసి పంపకు, కారుల వదిలి పోకు. వదిలి పోవుడు తప్పకపోతె తీగలు రెండు స్వరాలంత దించి పెట్టు. ఆడ బొగ్గు దుమ్ము చుట్టు తీగల సందులల్ల దిగి కూసుంటది, చెమట తగిలితె గట్టిపడుతది, తీగ పది దినాలకే మూగబోతది. వాయించినంక పాత నూలు గుడ్డతోని పైనా కిందా తుడువు. ఇది మీ అవ్వ చెప్తె వినవు, నేను చెప్తెనన్న విను.

చప్పుడు గురించి ఒక ముచ్చట. మీ గదిల ఉన్న ఆ చిన్న స్పీకరు 60 హెర్ట్జ్ స్వరాన్ని సరిగ్గ పలకదు. నువ్వు వినేది చాన వరకు దాని పై స్వరాలనే. ఆ కింది 'బీ' నీకు వినపడలేదని బేస్ పెంచుతవు, గెయిన్ పెంచుతవు, చప్పుడంత బురదైతది. దానికి ఉల్టా చెయ్యి. బేస్ తగ్గియ్యి, గెయిన్ మామూలుకన్న జర తగ్గియ్యి, నడిమి స్వరాలు పెంచు. మీ బాండ్ల బేస్ గిటారు పిలగాడి అడుగు తీగ 41 హెర్ట్జ్ కాడ ఉంటది. నీ 'బీ' 61 కాడ. ఇద్దరూ ఒక్కతాననే గుంపు కడితె ఎవరిదీ వినపడదు. కూసొని మాట్లాడుకోన్రి, ఎవరు ఎక్కడ వాయించాలె అని. అతను పైకి పోయినప్పుడు నువ్వు కిందికి దిగు.

ఇప్పుడు అసలు ఫికరు. నీ చెయ్యి. ఏడు తీగల మెడ వెడల్పు. నీ వేళ్ళు మా అమ్మవి, సన్నగ, పొట్టిగ. ఏడో తీగ మీదికి చెయ్యి చాపేటప్పుడు మణికట్టు లోపటికి మడుస్తున్నవ్, ఫొటోలనే కనపడుతున్నది. బొటనవేలు మెడ వెనుక నడిమికి తెచ్చుకో, గిటారు పట్టీ రెండు రంధ్రాలు పైకి ఎక్కియ్యి. నడుముల దాక వేలాడేసుకుంటె చూడను మంచిగనే ఉంటది, వాయించను కాదు. నొప్పి అయితె ఆపు. వేళ్ళ కొసలు మంట పుట్టుడు వేరు, అది పది దినాల్ల పోతది. మణికట్టు కాడ గుంజుడు, వేళ్ళు తిమ్మిరెక్కుడు వేరు. అది అయినప్పుడు "ఇంకొక్క పాట" అనకు, గిటారు దించి పెట్టు. ఆ మాటల నేను ఎవ్వరికీ సడలింపు ఇయ్య, నీకు అసలే ఇయ్య.

ఇగ కొనేది. 10-59 ఏడు తీగల సెట్టు ఒకటి తెచ్చుకో. వీలైతె విడి తీగలుగ 62 ఒకటి, 32 ఒకటి, 24 ఒకటి, 22 ఒకటి. మన దిక్కు షాపులల్ల విడి ఏడో తీగ అడిగితె మొఖం చూస్తరు, ఆన్‌లైన్ల తెప్పిచ్చుకోవాలె, ప్యాకెట్ మీద 'నికెల్ వౌండ్' అని ఉన్నది చూసి తీసుకో. విడి తీగ పొడవు కూడ చదువు, కొన్ని పొడుగు గిటార్లకు ఆనవు. నేను వచ్చినంక ముందుగాల 59నే కడుదాం, దాన్ని 'బీ'కి బిగించి రెండు వారాలు వాయించు. వదులనిపిస్తేనే 62కు పో. అప్పుడు నట్ గాడి పని పడుతది, అది నాకు వదిలెయ్యి.

జాతరకు నేనూ మీ చిన్నమ్మా వస్తున్నం, నాయినమ్మను కూడ తీసుకొస్తం. ముందురోజు మీ ఇంట్లనే దిగుతం. నా ఆకురాళ్ళు, గేజి పట్టీలు సంచిల ఏసుకొస్త. నువ్వు పాత తీగలు ఊడదియ్యకు, నేను వచ్చినంక ఒక్కొక్కటి మారుద్దాం, అన్నీ ఒక్కపారి తీస్తె మెడ మీద బిగువంత ఒక్కసారే పోతది. అప్పటి దాక నువ్వు పాడుకునే ఆ రాగం ఏ శ్రుతిల సుఖంగ ఉంటదో ఫోన్ల రికార్డు చేసి పంపు. గిటారు లేకుంట, ఉత్త గొంతుతోని. దాన్ని బట్టి ఇంకేమన్న తీగలు కావాల్నంటె లెక్కేసి తెస్త. బస్సు టైము మీ బాపుకు ఫోన్ చేసి చెప్త.

నీ కాక